ఒడ్డున ఒక పేరు, మెట్టన ఒక పేరు

(పొన్నైలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించిన పాఠం.)



నన్ను పిలిచినవాళ్లు ఒక్కటే షరతు పెట్టారు. అయ్యవారిని పొగుడుతూ పొద్దుపుచ్చవద్దు, ఏదైనా విషయం చెప్పండి అన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు పెట్టదగిన షరతే అది. తెలుగు చదివే పిల్లలు ఏటికేడాది తగ్గిపోతున్న ఈ వైపు బడుల్లో తెలుగు చెప్పిన మనిషికి ఊళ్ల పేర్లంటే మహా ఇష్టం. ఫలానా ఊరికి ఆ పేరెలా వచ్చిందని ఎవరైనా అడిగితే వెంటనే కథ అందుకునేవారు కారు. ఆ పేరు అందరికంటే ముందు ఎక్కడ రాసి ఉందో చూసి రమ్మనేవారు. కథలు తర్వాత. ఈ సాయంత్రం ఆ వరసలోనే నడుస్తాను.

నేను ఎంచుకున్న ఊరు పొన్నై కాదు. ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు తూర్పున, సముద్రం ఒడ్డున, ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న ఊరు. మన పెద్దలు దాన్ని ఉత్త ‘పట్నం’ అన్నారు. పట్నం పోయొచ్చాడంటే ఏ పట్నమని ఎవరూ అడగలేదు. తెలుగు పుస్తకాల అట్టల మీద చెన్నపురి, నోటి మాటలో చెన్నపట్నం, సర్కారు కాగితాల్లో మద్రాసు, 1996 నుంచి చెన్నై. ఇన్ని పేర్లున్న ఊరి కథ చెప్పాలంటే సాధారణంగా ఓడ మీదినుంచి మొదలుపెడతారు. ఓడ వచ్చింది, దొర దిగాడు, ఇసుక దిబ్బ కొన్నాడు, కోట కట్టాడు. రికార్డులు రాసినవాళ్లు ఓడలో వచ్చినవాళ్లే కాబట్టి కథ కూడా అట్నుంచే సాగింది. నేను ఇట్నుంచి, ఈ మెట్ట మీదినుంచి చూస్తాను. ఇట్నుంచి చూస్తే ఆ ఊరి పేర్లలో ఒక చిక్కుముడి కనిపిస్తుంది. అది విప్పడమే ఈ ఉపన్యాసం.

ముందుగా మన చుట్టుపక్కల. ఏటి ఒడ్డునే ఉన్న మేల్పాడి మీకు తెలుసు. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు చోళులను ఓడించి దక్షిణాన విడిది చేసిన చోటు అది. 959లో ఆయన ఇక్కడినుంచి ఒక దానపత్రం రాయించాడు. ఆ రాగిరేకులు దొరికింది మాత్రం ఎక్కడో మహారాష్ట్రలోని కరాడ్‌లో. అంటే మన పక్క పల్లె పేరు వందల ఏళ్లు కృష్ణానది ఒడ్డున పడి ఉందన్నమాట. అరవై ఏళ్లయినా గడవకముందే రాజరాజ చోళుడు అదే మేల్పాడిలో, తన తాతగారైన అరింజయుడి జ్ఞాపకంగా గుడి కట్టించాడు. ఆ గుడి గోడ మీది శాసనాల్లో ఊరి పేరు ‘మేల్పాడి అనే రాజాశ్రయపురం’ అని ఉంటుంది. రాజాశ్రయుడు రాజరాజు బిరుదు. సాక్షాత్తూ రాజరాజంతటివాడు పెట్టిన పేరు. ఈ సభలో ఎవరైనా రాజాశ్రయపురానికి బస్సెక్కారా?

ఇంకాస్త దిగువకు, తిరువలానికి పోదాం. బిల్వనాథేశ్వరుడి గుడి. బాణరాజుల ముఖ్యపట్టణం. శాసనాల్లో వాణపురం అనే పేరుంది, తీక్కాలి వల్లం అనే పేరూ ఉంది. వాణపురం బాణులతోనే పోయింది. వల్లం నిలిచింది. ‘తిరు’ చేర్చుకుని ఇప్పటికీ రైల్వే స్టేషన్ పలక మీద ఉంది.

బాణులంటే మరో మాట. వాళ్ల రాజ్యం హద్దు చెప్పేటప్పుడు శాసనాలు ‘వడుగవళికి పడమర’ అంటాయి. సంస్కృత శాసనంలో అదే ఆంధ్రపథం. వడుగులంటే మనమే, వళి అంటే దారి. వెయ్యీ నూరేళ్ల కిందటే ఈ సీమను గుర్తుపట్టడానికి తెలుగుబాట ఒక గీతలా పనికివచ్చింది. వళ్ళిమలై గుహలో గంగరాజు రాచమల్లుడి కన్నడ శాసనం, మేల్పాడి గోడల మీద తమిళం, పక్కనే పోయే తెలుగుబాట. ఇక్కడ మనం వలస వచ్చినవాళ్లమా, మొదటినుంచీ ఉన్నవాళ్లమా అనే వాదం పెళ్లిళ్లలో భోజనాల తర్వాత మొదలవుతుంది గదా. దారి పేరే మనదైనప్పుడు ఆ వాదంలో నాకు రుచి లేదు.

ఇప్పుడు మీ మనసులో ఉంచుకోవలసింది ఒక్కటి: ఈ ప్రాంతంలో రాజులు పెట్టిన పేర్లు నిలవలేదు. రాజాశ్రయపురం నిలవలేదు, వాణపురం నిలవలేదు. జనం నోట్లో అప్పటికే ఉన్న పేరు రాజును గెలిచింది. అలాంటప్పుడు సముద్రం ఒడ్డున ఒక నాయకుడు తన తండ్రి పేరు పెట్టిన ఊరు ఎలా నిలిచింది? నేను చిక్కుముడి అన్నది దీన్నే.

కథ పదిహేడో శతాబ్దానికి వస్తుంది. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం రాయలు పెనుకొండకు, అక్కడినుంచి చంద్రగిరికి, రాయవేలూరుకు దిగారు. 1600 దాటిన కొద్ది ఏళ్లకే వేలూరు కోట లింగమ నాయకుడి చేతిలోనుంచి వేంకటపతిరాయలకు దక్కింది. చంద్రగిరికీ రాయవేలూరుకూ నడుమ ఏముంది? మనమే ఉన్నాం. ఆ రోజుల్లో ఈ దేశపు మిగిలిన రాజ్యమంతా ఈ రెండు కోటల మధ్య ఊగిసలాడింది. ఆ కొలువులో గట్టి మనిషి దామెర్ల వేంకటప్ప నాయకుడు. వందవాసి ఆయనది. తమ్ముడు అయ్యప్ప పూందమల్లిలో ఉండి తీరం వ్యవహారాలు చూసేవాడు. మరో సోదరుడు అంకభూపాలుడు కవి. తండ్రి పేరు చెన్నప్ప. వెలమ దొరలు. తర్వాత కాళహస్తి జమీందారులుగా పేరుపడిన వంశం ఇదే.

అటు తీరం మీద చూస్తే, ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగారు. గోలకొండ అధికారులతో పడక, 1626 ప్రాంతంలో దక్షిణంగా దుగరాజపట్నం చేరి చిన్న కోట కట్టుకున్నారు. దాన్ని వాళ్లు ఆర్మగాన్ అన్నారు. చోటు ఇప్పించడంలో సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరు మీద పెట్టుకున్నారని చెబుతారు. అది కలిసిరాలేదు. బట్ట దొరికేది తక్కువ, ధర ఎక్కువ. పులికాటులో 1613 నుంచి డచ్చివాళ్ల గెల్డ్రియా కోట. మైలాపూరు పక్కన శాంతోమ్‌లో బుడతకీచులు. ఈ ఇద్దరి నడుమ ఖాళీగా ఉన్న ఇసుక మీద ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే కన్ను పడింది.

ఆ ఇసుకను గురించి ఒక మాట చెప్పాలి. రేవుకు పనికివచ్చే లక్షణం దానికి ఒక్కటీ లేదు. లోతు లేదు, అడ్డం లేదు, అలలు మనిషిని నిలవనివ్వవు. ఓడ మైలు దూరాన ఆగితే, మేకులు కొట్టకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకూ మనుషులూ ఒడ్డుకు చేరాలి. దొరసానులు తడిసి ముద్దయి దిగిన కథలు ఇంగ్లీషు పుస్తకాల నిండా ఉన్నాయి. అలాంటి చోటు ఎందుకు కొన్నాడు? సముద్రం చూసి కాదు, మగ్గాలు చూసి. లోపలి ఊళ్లలో బట్ట చవక. కొనుగోలు అనుమతి ఇచ్చే నాయకుడు లోపల ఉన్నాడు. ఆ నాయకుడికి అనుమతి ఇచ్చే రాయలు ఇంకా లోపల, మన వైపు ఉన్నాడు. ఓడ వాళ్లదైనా, ఊరి పునాది ఒడ్డున లేదు.

1639లో, జులై అని కొందరు ఆగస్టు 22 అని కొందరు అంటారు, వేంకటప్ప నాయకుడు డేకు పట్టా ఇచ్చాడు. కోట కట్టుకోవచ్చు, నాణేలు ముద్రించుకోవచ్చు, సుంకంలో సగం పంచుకోవచ్చు. 2004 నుంచి ఏటా ఆగస్టు 22న చెన్నైలో మద్రాస్ డే జరుపుకుంటున్నది దీన్ని పట్టుకునే. 1640 ఫిబ్రవరి 20న డే, ఆయన పైఅధికారి ఆండ్రూ కోగన్ వచ్చి దిగారు. ఏప్రిల్ 23 నాటికి కోటలో కొంత భాగం లేచింది. ఆ రోజు వాళ్ల దేశపు పుణ్యపురుషుడు జార్జి పండగ. కనుక అది సెయింట్ జార్జి కోట అయింది. ఖర్చు చూసి లండనులోని కంపెనీ పెద్దలు మండిపడ్డారు. అది వేరే కథ.

పేర్ల లెక్క ఇప్పుడు చూడండి. కోటకు ఒక పేరు వచ్చింది. కోట పక్క ఊరికి నాయకుడి తండ్రి పేరున చెన్నపట్నం అని వచ్చింది. పట్టాకు మనకు మిగిలిన ఇంగ్లీషు పాఠంలో ఊరి పేరు మద్రాస్‌పటం అని ఉంది. అంటే ఆ పేరు డే రాకముందే అక్కడ ఉంది. 1642లో వేంకటరాయలు పోయి శ్రీరంగరాయలు గద్దెక్కాడు. దామెర్లవారి పలుకుబడి తగ్గింది. 1645లో ఇంగ్లీషువాళ్లు కొత్త రాయల దగ్గర కొత్త పట్టా పుచ్చుకున్నారు. అందులో రాయలు ఆ ఊరిని ‘మా శ్రీరంగరాయపట్నం’ అన్నాడు. ఆరేళ్లు తిరక్కుండా నాలుగు పేర్లు. ఒక పుణ్యపురుషుడిది, ఒక తండ్రిది, ఒక రాజుది, ఎవరిదో తెలియని పాతది ఒకటి.

ఈ నాలుగింటిలో రాజుదే మొదట పోయింది. పట్టా ఇచ్చిన రెండేళ్లలోనే గోలకొండ సేనలతో మీర్ జుమ్లా తీరమంతా పట్టుకున్నాడు. శ్రీరంగరాయలు రాజ్యం వెతుక్కుంటూ తిరిగాడు. రాజుతో పాటు పేరు పోయిందనుకోవచ్చు గాని అది సరిపోదు. దామెర్లవారికీ ఆ చోటి మీద అధికారం పోయింది గదా. చెన్నప్ప పేరు మరి ఎందుకు పోలేదు?

దీనికి ఒక సాక్షి ఉన్నాడు. తమ్ముడు అంకభూపాలుడు ఉషాపరిణయం అనే కావ్యం రాసి తండ్రికే అంకితమిచ్చాడు. అవతారికలో వంశం చెప్పుకుంటూ, అన్న అయ్యప్ప ప్రళయకావేరికీ మైలాపురికీ మధ్య చెన్నపట్నం నిర్మించాడని రాశాడు. ప్రళయకావేరి అంటే పులికాటే. ఎందుకు నిర్మించాడు? అటు ఇటు ఉన్నవాళ్లు తెగ కొట్టుకుంటున్నారట, వాళ్ల మధ్య పోరు ఆపడానికట. అటు డచ్చి, ఇటు బుడతకీచు. కావ్యాల అవతారికల్లో పొగడ్త పాళ్లు ఎక్కువ ఉంటాయి, నిజమే. కొడుకు తండ్రికి చెప్పుకున్న గొప్ప ఇది. కానీ నాకు దీనిలో ముఖ్యమైంది వేరు. ఇందులో ఇంగ్లీషువాడి ఊసు లేదు. దొర దృష్టిలో నాయకుడు తనకు ఇసుక అమ్మినవాడు. నాయకుడి ఇంట్లో మాత్రం ఊరు కట్టింది తామే. దొరను పిలిచి అక్కడ కూర్చోబెట్టారంతే. ఇద్దరు పోట్లాడుకునే చోట మూడోవాణ్ణి కూర్చోబెట్టడం మన పంచాయతీల్లో ఉన్న ఎత్తే. ఆ మూడోవాడు పొలమంతా తీసుకున్న సంగతి తర్వాత తెలిసింది.

చెన్నకేశవస్వామి గుడివల్ల చెన్నపట్నం వచ్చిందనే వాదం కూడా ఉంది. ఊళ్లో ఆ గుడి నిజంగానే పాతది. 1646లోనే దాని దానపత్రం ఉంది. తర్వాత కోట రక్షణ పేరున ఆ మొదటి గుడిని కంపెనీ పడగొట్టించింది, వేరేచోట మళ్లీ కట్టారు. అయితే గుడి ఊరి తర్వాతిది. ఊరి పేరును బట్టి స్వామిని చెన్నకేశవుడిగా నిలుపుకున్నారని అనుకోవడం నాకు సులువుగా కనిపిస్తుంది. కవి సొంత తమ్ముడై, సమకాలికుడై ఉండగా అతన్ని తోసిపుచ్చడానికి గట్టి ఆధారం కావాలి. గుడి వాదానికి అంత బలం లేదు.

ఇక మద్రాసు. ఇక్కడ కథల సంత. బుడతకీచుల ‘మాద్రె దె దెవుస్’ చర్చి నుంచి వచ్చిందని ఒకరు. శాంతోమ్‌లో బతికిన మదీరోస్ అనే కలిగిన కుటుంబం పేరని మరొకరు. ముస్లిముల మదరసా నుంచి అని ఇంకొకరు. అరటితోట అమ్మనని మొండికేసిన మాదరేశన్ అనే, చేపలు పట్టే పట్టపువాళ్ల పెద్ద ఉన్నాడని, నీ పేరే పెడతామని డే మాటిచ్చి తోట తీసుకున్నాడని ఒక ముచ్చట. చివరిదంటే నాకూ ఇష్టమే. బలవంతుడు పేదవాడికి మాటిచ్చి నిలబెట్టుకున్న కథలు మనకు అరుదు.

అయ్యవారి పద్ధతిలో అడుగుదాం. పేరు అందరికంటే ముందు ఎక్కడ రాసి ఉంది? 2015లో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. విజయనగర కాలానిది, 1367 నాటిది. తూర్పు తీరం రేవులను పేర్కొంటూ అందులో మాదరసన్ పట్టణం అన్నారు. ఈ ఒక్క రాయితో సంత సగం ఖాళీ అయింది. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. బుడతకీచు చర్చీ, బుడతకీచు కుటుంబమూ పోయాయి. డే పుట్టడానికే రెండు వందల ఏళ్ల పైన టైముంది. అరటితోట కూడా పోయింది, పాపం. మిగిలింది మాదరసన్ అనే పేరుగల ఎవరో ఒకడు, వాడి పేరున ఒక చిన్న రేవు.

పట్టణం తోక ఎలా ఊడింది? దీనికి మన నీళ్లే దారి చూపిస్తాయి. పొన్నై ఏరు పాలారులో కలుస్తుంది. పాలారు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో డచ్చివాళ్ల కోట ఉన్న ఊరు సద్రాస్. తమిళంలో సదురంగపట్టినం. పాత పేరు సదిరవాసగన్ పట్టినం. దానికీ ముందు రాజనారాయణన్ పట్టినం. పడవీడు నుంచి ఏలిన రాజనారాయణ శంబువరాయుడి పేరు అది. పడవీడు ఎంత దూరం? వేలూరుకు దక్షిణాన ఆరణి దారిలో. చూశారా, ఇక్కడా ఒక మెట్టప్రాంతపు దొర సముద్రం ఒడ్డుకు తన పేరు పెట్టాడు, ఇక్కడా అది పోయింది. నిలిచిన పేరును పరదేశి చెవి విని, తోక కోసి, సద్రాస్ చేసింది. మాదరసన్ పట్టణం అదే కత్తెర కింద పడి మద్రాస్ అయింది. ఒకే తీరం, ఒకే చెవి, ఒకే రకం కోత. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే మదరసాలూ చర్చీలూ అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు చిక్కుముడి విప్పుదాం. ఓడ దిగినవాడు మొదట చూసింది పట్టపువాళ్లను. అలల్లోనుంచి వాణ్ణి మోసుకొచ్చింది వాళ్లే. ఇది ఏ ఊరని అడిగితే వాళ్లు తమ నోట్లో ఉన్న పాతపేరు చెప్పారు. అది కంపెనీ పుస్తకాల్లోకి ఎక్కింది. భూమి దారిలో వచ్చినవాళ్లు వేరు. కోట లేచాక పని వెతుక్కుంటూ నేతగాళ్లు, అద్దకంవాళ్లు, కోమట్లు, బలిజలు, బంట్రోతులు దిగారు. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. డేకు దుబాసి బేరి తిమ్మన్న తెలుగువాడే. ఊరి కావలి పెద్దనాయకుడిది, ఆయన పేరున పెద్దనాయకునిపేట ఇప్పటికీ ఉంది. వీళ్లకు మాదరసన్ ఎవరో తెలియదు. చెన్నప్ప ఎవరో తెలుసు, వాళ్లు వచ్చింది ఆ దొరల సీమలోనుంచే. మేల్పాడికి రాజాశ్రయపురం అంటుకోకపోవడానికి కారణం అక్కడ అప్పటికే కాపురాలున్నాయి, వాళ్ల నోట్లో పేరుంది. ఇక్కడ కొత్తగా దిగినవాళ్ల నోట్లో పాతపేరు లేదు. శ్రీరంగరాయపట్నం ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆపాటికి చెన్నపట్నం కూరగాయలమ్మే మాట అయిపోయింది.

అలా ఒకే ఊరికి రెండు వాకిళ్లు, వాకిలికొక పేరు. మద్రాసు సముద్రం వాకిలి పేరు. చెన్నపట్నం మెట్ట వాకిలి పేరు. మూడు వందల యాభై ఏళ్లు రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా బతికాయి.

ఇది మనకే ప్రత్యేకమనుకునేరు. ఇంగ్లీషువాళ్ల సొంత తీరంలోనూ ఇంతే. ఉత్తరాన విట్బీ అనే ఊరు ఉంది. 664లో అక్కడ జరిగిన పెద్ద క్రైస్తవ సభ గురించి రాసినప్పుడు ఊరి పేరు స్ట్రెయోనెస్‌హాల్. తర్వాత సముద్రం మీదుగా డేన్‌లు వచ్చి పడ్డారు. వాళ్ల మాటలో ‘బీ’ అంటే ఊరు. విట్బీ అయింది. పాతపేరు చరిత్ర పుస్తకాల్లో తప్ప ఎవరి నోట్లోనూ మిగల్లేదు. అక్కడ ఓడలో వచ్చిన పేరు గెలిచింది. దక్షిణ తీరంలో బ్రైటన్ చూడండి. 1086లో విలియం రాజు చేయించిన భూముల లెక్కలో అది బ్రిస్టెల్మెస్ట్యూన్. బేర్హ్‌తెల్మ్ అనేవాడి వాడ అని అర్థం. నోట్లో నలిగి నలిగి బ్రైట్‌హెల్మ్‌స్టన్, చివరికి బ్రైటన్. 1810లో గాని పొట్టిపేరుకు సర్కారు ముద్ర పడలేదు. ఆ బేర్హ్‌తెల్మ్ ఎవరు, ఏం చేశాడు అంటే ఒక్క ముక్క తెలియదు. వాడి పేరే మిగిలింది. మన చెన్నప్పకు కొడుకులు, కోటలు, కావ్యం ఉన్నాయి. అయినా చెన్నై వీధుల్లో ఆపి చెన్నప్ప ఎవరని అడిగితే, బ్రైటన్‌లో బేర్హ్‌తెల్మ్ గతే.

దొరల చెవి మన పేర్లను నలిపిందని విచారించేవాళ్లకు చిన్న ఓదార్పు. 1717 నుంచి 1720 దాకా గవర్నరుగా ఉన్న కాలెట్ తిరువొట్టియూరు పక్కన నేతగాళ్లకు పేట వేయించి తన పేరు పెట్టాడు. కాలెట్ పేట. ఇప్పుడది కాలడిపేట. శంకరాచార్యుల ఊరనుకుని దణ్ణం పెట్టేవాళ్లు కూడా ఉండొచ్చు. హామిల్టన్ వంతెన జనం నోట్లో అంబట్టన్ వంతెన అయింది. తమిళంలో అంబట్టన్ అంటే క్షురకుడు గదా. దొరలు మళ్లీ దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకుని బార్బర్స్ బ్రిడ్జి అని రాసుకున్నారు. హామిల్టన్ ఆత్మ ఎక్కడుందో.

కడలూరు సంగతి కూడా ఇక్కడే ముగిస్తాను, ఎందుకంటే మన ఏటిని దాని పక్క ఏటితో కలిపేసేవాళ్లను చాలామందిని చూశాను. కడలూరు దగ్గర సముద్రంలో పడే పొన్నైయారు వేరు, అది నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని. అక్కడి సెయింట్ డేవిడ్ కోటను ఇంగ్లీషువాళ్లు 1690లో మరాఠాల దగ్గర కొన్నప్పుడు కోట నుంచి పేల్చిన ఫిరంగి గుండు ఎంతవరకు పడితే అంతవరకు వాళ్లదని ఒప్పందం. గుండు పడ్డ చోట్లకు గుండు గ్రామాలని పేరు. భూమి కొలతకు గొలుసు బదులు ఫిరంగి వాడినవాళ్లు పేర్లు పలకడంలో జాగ్రత్త పడతారని ఎలా ఆశిస్తాం?

రాజకీయాల్లోకి వస్తే, మన తాతల తరం ‘మద్రాసు మనదే’ అని అరిచింది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరులో ఆ ఊళ్లోనే ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఊరు రాలేదు. ఆ నినాదం ఎంత సబబో ఇక్కడ తేల్చను. 1911 దాకా ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. తర్వాత చిత్తూరు వేరే జిల్లా అయింది, మనం వేలూరు వైపు ఉండిపోయాం. హద్దులు మారినప్పుడల్లా మనల్ని అడిగినవాళ్లు లేరు. కానీ 1996లో పేరు మార్చిన తీరు మాత్రం నవ్వు తెప్పిస్తుంది. మద్రాసు పరాయిపేరు, చెన్నై మన నేల పేరు అన్నారు. 1367 శాసనం బయటపడింది 2015లో. దాన్ని నమ్మితే మద్రాసే ఆ ఒడ్డున పుట్టిన పాతపేరు. చెన్నై మాత్రం చంద్రగిరి, వేలూరు కొలువుల తెలుగు నాయకుడి ఇంటిపెద్దది. మార్చినవాళ్లను తప్పుపట్టను, శాసనం అప్పటికి చేతికి రాలేదు. తెలుగువాళ్లు మాత్రం మా పేరు పోయిందని బాధపడ్డారు చూడండి, అది నాకు అర్థం కాలేదు. పోయింది పట్టపువాళ్ల పేరు. ఉన్నదే మనది. అయితే చెన్నై అన్నప్పుడు చెన్నప్పను తలచుకునే బాధ్యత కూడా అప్పుడు మనదే అవుతుంది, దానికి మనం సిద్ధంగా లేమేమో.

చివరగా సొంత ఊరు. పొన్ను అంటే బంగారం కాబట్టి బంగారు ఏరు అని పొన్నై అనేవాళ్లున్నారు. ఈ ఏటికే నీవా అనే పేరుంది. తిరువలంలో దానికి స్థలపురాణం చెబుతారు. అభిషేకానికి నీళ్లు తెచ్చే పూజారిని అసురుడు బాధపెడితే, స్వామి ఏటినే తన దగ్గరికి రమ్మని ‘నీ వా’ అన్నాడట. తమిళంలో ‘నువ్వు రా’ అని. కథ అందంగా ఉంది. కానీ ఏరు పుట్టింది చిత్తూరు కొండల్లో, అక్కడ దాన్ని నీవా అనే పిలుస్తారు. తిరువలం దానికి చాలా దిగువ. పైవాళ్లు పెట్టుకున్న పేరుకు కిందివాళ్లు కథ కట్టారు అంటే ఎవరికీ అవమానం కాదు.

అసలు ప్రశ్న, ఊరికి ఏటి పేరు వచ్చిందా, ఏటికి ఊరి పేరు వచ్చిందా. సాధారణంగా ఏరే ముందనుకుంటాం. ఇంగ్లండులో ప్లిమత్ అంటే ప్లిమ్ నది ముఖం. ఆ ప్లిమ్ అనే నది పేరు మాత్రం ఎగువనున్న ప్లిమ్‌టన్ అనే ఊరి పేరులోనుంచి చీల్చి తీసిందని పరిశోధకులు తేల్చారు. ఊరే ముందు. సస్సెక్స్ తీరంలో ఆడూర్ అనే నది ఉంది. పదిహేడో శతాబ్దం దాకా దానికి ఆ పేరే లేదు. మైకేల్ డ్రేటన్ అనే కవి ఏదో పాత రోమన్ రేవు పేరు చదివి, అది ఇదే అయుంటుందని తన కావ్యంలో అంటగట్టాడు. జనం ఒప్పేసుకున్నారు. కవులతో జాగ్రత్త.

నా మట్టుకు పొన్నై అనేది ఊరి పేరే అనిపిస్తుంది. పైన నీవాగా వచ్చిన నీళ్లు ఇక్కడ దాటే రేవు పేరు పెట్టుకున్నాయి. ఏటిని దాటే చోటి పేరుతో పిలవడం మన దగ్గర మామూలే. తర్వాత ఇక్కడ కట్టిన ఆనకట్ట ఆ పేరును కింది ఆయకట్టంతా నాటింది. దొరలు తమ కాగితాల్లో పోయినీ అని రాసుకున్నారు. మద్రాస్ లాగా అది అంటుకోలేదు, కారణం ముందే చెప్పాను. ఇక్కడికి ఎవరూ సముద్రం వాకిలి నుంచి రాలేదు. ముందు వరసలో చిత్తూరు నుంచి వచ్చిన పెద్దలు ఇద్దరు ముగ్గురు నేను నీవా సంగతి ఎత్తినప్పటినుంచీ తల అడ్డంగా ఊపుతున్నారు. ప్రశ్నలకు అరగంట ఉందని అధ్యక్షులు చెప్పారు. ముందు వాళ్లకే మైకు ఇవ్వండి.